ఏ వేరియబుల్ నార్మ్ ఆ వేరియబుల్‌దే

సంపాదకులకు నమస్కారం.

వస్తువుని చిన్న చిన్న ముక్కలుగా కోసి లెక్క కట్టే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి మీద మీ సైన్సు పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. మెష్ (ముక్కల వల), నోడ్ (విలువలు లెక్కించే బిందువు), ఎలిమెంట్ (ఒక్కో ముక్క) లాంటి మాటల్ని కొత్తవాళ్లకి కూడా అర్థమయ్యేలా విప్పి చెప్పారు. చిక్కల్లా చివర్లో వచ్చింది. సాల్వర్ (సమీకరణాల్ని సాధించే ప్రోగ్రామ్) చూపించే నార్మ్, అంటే బోలెడు అంకెల పరిమాణాన్ని ఒక్క అంకెలో చెప్పే కొలత, టాలరెన్స్ (మనం పెట్టుకున్న హద్దు) కన్నా కిందికి దిగిందంటే లెక్క తేలినట్టే అని ముగించారు. తెలియని రాశి ఒక్కటే ఉన్నప్పుడు ఆ మాటతో పెద్ద పేచీ లేదు. ఉష్ణోగ్రతని, స్థానభ్రంశాన్ని కలిపి సాధించేటప్పుడు, లేదా వేగాన్ని, పీడనాన్ని కలిపి సాధించేటప్పుడు మాత్రం ఆ ఒక్క అంకెని నమ్మకూడదు. అక్కడ ఏ వేరియబుల్ (తెలియని రాశి) నార్మ్ దానికి విడిగా లెక్కించి చూడాలి. చెప్పినంత తేలిక పని కాదది. సాఫ్ట్‌వేర్ బాగా తెలిసినవాళ్లు కూడా తప్పులో కాలేసే చోటు. ఉత్తరం పొడుగైనందుకు మన్నించండి.

ముందు, కలిపితే ఏమవుతుందో చూద్దాం. వేడెక్కుతున్న లోహపు పలక ఒకటి అనుకోండి. ప్రతి నోడ్ దగ్గరా ఉష్ణోగ్రత 300 కెల్విన్, స్థానభ్రంశం 1 మైక్రాన్, అంటే 10⁻⁶ మీటరు. సాల్వర్ రెంటినీ ఒకే వెక్టర్‌లో (అంకెల వరసలో) పెట్టుకుని, ప్రతి అంకెనీ వర్గం చేసి, అన్నీ కూడి, వర్గమూలం తీస్తుంది. 300 వర్గం 90,000. 10⁻⁶ వర్గం 10⁻¹². కంప్యూటర్ సంఖ్యల్ని దాచుకునే డబుల్ ప్రెసిషన్ పద్ధతిలో 90,000 తర్వాత అది రాసుకోగల మొదటి అంకె దానికి సుమారు 1.46×10⁻¹¹ దూరంలో ఉంటుంది. ఆ దూరంలో సగానికి కూడా రానిదాన్ని కలిపితే కలపనట్టే. కాబట్టి 90,000కి 10⁻¹² కలిపితే వచ్చేది మళ్లీ 90,000. స్థానభ్రంశాల వర్గాలన్నీ ముందు విడిగా కూడి చివర్లో కలిపినా నిష్పత్తి అదే, ఫలితమూ అదే. అంటే ఆ నార్మ్‌లో స్థానభ్రంశానికి తక్కువ వాటా దక్కడం కాదు, దానికి అసలు చోటే లేదు.

ఇప్పుడు టాలరెన్స్ సంగతి. న్యూటన్ ఇటరేషన్‌లో, అంటే జవాబుని విడతలవారీగా సవరిస్తూ పోయే పద్ధతిలో, ఒక్కో విడత సవరణ నార్మ్‌ని మొత్తం పరిష్కారం నార్మ్‌తో భాగిస్తే 10⁻⁶ కన్నా తగ్గాలని పెట్టుకున్నాం అనుకుందాం. ఉష్ణోగ్రత అప్పటికే కుదురుకుంది. స్థానభ్రంశం మాత్రం 10 మైక్రాన్లు, ఈ ఇటరేషన్‌లో వచ్చిన సవరణ కూడా 10 మైక్రాన్లే. నూటికి నూరు శాతం ఊగుతోందన్నమాట. 10⁻⁵ని 300తో భాగిస్తే 3.3×10⁻⁸. పెట్టుకున్న హద్దులో ముప్పయ్యో వంతు! సాల్వర్ కన్వర్జ్ అయిందని (జవాబు కుదురుకుందని) ముద్ర వేసి బయటికొస్తుంది. అదే లెక్కని సెల్సియస్‌లో నడిపితే 300 పోయి 27 వస్తుంది, నిష్పత్తి 11 రెట్లు పెరుగుతుంది. పలక అదే, వేడి అదే. కొలమానం సున్నా ఎక్కడ పెట్టుకుందో దాన్నిబట్టి కన్వర్జెన్స్ మారిందంటే కొలుస్తున్నది పలకని కాదు.

సవరణ నార్మ్ వద్దు, రెసిడ్యువల్ (సమీకరణంలో ఇంకా మిగిలిన తేడా) నార్మ్ చూస్తే సరిపోతుంది కదా అనొచ్చు. ఉష్ణ సమీకరణం రెసిడ్యువల్ వాట్లలో ఉంటుంది, బలాల సమీకరణానిది న్యూటన్లలో. వాట్ల వర్గానికి న్యూటన్ల వర్గం కలిపితే వచ్చే అంకెకి పేరు లేదు. యంత్రభాగాల లెక్కల్లో చాలామంది మీటరు, కిలోగ్రాము వదిలేసి మిల్లీమీటరు, టన్ను, సెకను వాడతారు. ఆ పద్ధతిలో బలం న్యూటన్‌గానే ఉండిపోతుంది, శక్తి ప్రవాహం మాత్రం మిల్లీవాట్ అవుతుంది. అంటే బలాల రెసిడ్యువల్ కదలదు, ఉష్ణం రెసిడ్యువల్ 1,000 రెట్లవుతుంది. ఏ సమీకరణానికి ఎంత బరువు అన్నది ఇంజినీరు తేల్చుకోవాలి. ఇక్కడ దాన్ని యూనిట్ల పట్టిక తేల్చేస్తోంది, అదీ ఎవరికీ చెప్పకుండా.

విడదీయడం ఎలా అన్నదే అసలు పని. ప్రతి ఫైనైట్ ఎలిమెంట్ ప్రోగ్రామ్‌లోనూ ఒక డీఓఎఫ్ (డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్, అంటే సాధించాల్సిన ఒక్కో అంకె) పట్టిక ఉంటుంది. వెక్టర్‌లో ఎన్నో స్థానం ఏ నోడ్‌లోని ఏ వేరియబుల్‌ది అని అది చెబుతుంది. ఒక వేరియబుల్‌కి చెందిన స్థానాలన్నీ అందులోంచి ఏరి జాబితా చేసుకోవాలి, ఆ స్థానాల్లో ఉన్న అంకెల మీదే నార్మ్ కట్టాలి. లిబ్‌మెష్ అనే ఫైనైట్ ఎలిమెంట్ లైబ్రరీలో సిస్టమ్ క్లాసుకి ఉన్న కాలిక్యులేట్ నార్మ్ అనే ఫంక్షన్ ఈ పనే చేస్తుంది. దానికి వెక్టర్, వేరియబుల్ నంబరు, ఏ రకం నార్మ్ కావాలో చెప్పాలి. ఎల్2 అంటే పైన చెప్పినట్టు వర్గాలు కూడి వర్గమూలం తీసే నార్మ్. డిస్క్రీట్ ఎల్2 అడిగితే ఆ వేరియబుల్ స్థానాలు ఏరి వర్గాలు కూడుతుంది. ఉత్త ఎల్2 అడిగితే ఎలిమెంట్ ఎలిమెంట్‌కీ వెళ్లి ఇంటిగ్రేషన్ చేస్తుంది. పేర్లలో తేడా ఒక్క మాటే, అంకెల్లో తేడా ఎంతో కింద చెబుతాం. మూస్ అనే ప్రోగ్రామ్‌లో ఇన్‌పుట్ ఫైలు డీబగ్ బ్లాక్‌లో షో వార్ రెసిడ్యువల్ నార్మ్స్ అనే స్విచ్ వేస్తే ప్రతి ఇటరేషన్‌కీ వేరియబుల్ వారీగా రెసిడ్యువల్ ముద్రిస్తుంది. ఎన్నో లెక్కల్లో ఈ ఒక్క స్విచ్‌తోనే దొంగ దొరికిపోతాడు.

జాబితా ఏరే శ్రమ తప్పించుకోవడానికి ఒక అడ్డదారి ఉంది. నోడ్ 1లో వేగం రెండు అంశాలు, పీడనం, ఆ తర్వాత నోడ్ 2లో మళ్లీ ఆ మూడూ, ఇలా వెక్టర్ వరసగా ఉంటే ప్రతి మూడో అంకె పీడనమే. పెట్సీ అనే సాల్వర్ లైబ్రరీలో వెక్‌స్ట్రైడ్‌నార్మ్ అనే ఫంక్షన్ ఇలాంటి వరస కోసమే ఉంది. వెక్టర్ బ్లాక్ సైజు (ఒక్కో నోడ్‌కి ఎన్ని అంకెలు) 3 అని ముందే చెప్పి, ఎన్నో అంశం కావాలో ఇస్తే చాలు. అయితే ప్రతి నోడ్‌లోనూ అన్ని వేరియబుల్సూ ఉంటేనే అది నిలుస్తుంది. ప్రవాహ లెక్కల్లో ఎక్కువగా వాడే టేలర్–హుడ్ ఎలిమెంట్‌లో అలా ఉండదు. 100 బై 100 చతుర్భుజాల మెష్‌లో వేగానికి రెండో డిగ్రీ (ఎలిమెంట్ మధ్యలోనూ నోడ్లుంటాయి) కాబట్టి ఒక్కో అంశానికి 201 వర్గం, అంటే 40,401 స్థానాలు. రెండు అంశాలకీ 80,802. పీడనం మొదటి డిగ్రీ, 101 వర్గం 10,201. మొత్తం 91,003. ఇందులో ప్రతి మూడో అంకె తీస్తూ పోతే కొన్ని పీడనాలు, కొన్ని వేగాలు కలగాపులగంగా వస్తాయి. ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ ఇవ్వకపోవచ్చు, ఓ అంకె మాత్రం ఇస్తుంది. అలాంటి చోట స్థానాల జాబితాని పెట్సీలోని ఇండెక్స్ సెట్‌గా కట్టి, వెక్‌గెట్‌సబ్‌వెక్టర్ ఫంక్షన్‌తో ఆ భాగం తీసుకుని నార్మ్ లెక్కించి, తీసుకున్నదాన్ని తిరిగి అప్పగించాలి. డీల్ టూ అనే లైబ్రరీ వాడేవాళ్లు మొదట్లోనే డీఓఎఫ్‌లని అంశాల వారీగా మళ్లీ నంబరు వేయించుకుని బ్లాక్ వెక్టర్ పెట్టుకుంటే ఈ బాధే ఉండదు. ఒక్కో బ్లాక్ ఒక్కో వేరియబుల్.

పాత ఫెనిక్స్ లైబ్రరీలో వేరే ఉచ్చు ఉంది. మిశ్రమ ఫంక్షన్‌ని స్ప్లిట్ చేసి వేగం, పీడనం అని రెండు పేర్లు తీసుకుంటాం. ఆ వేగాన్ని పట్టుకుని దాని వెక్టర్ ఇమ్మని అడిగితే ఎర్రర్ రావచ్చు, లేదా వేగం వెక్టర్ బదులు మిశ్రమం మొత్తానిది రావచ్చు. పీడనం వెక్టర్ అడిగినా అంతే. రెండు నార్మ్‌లూ ఆఖరి అంకె దాకా ఒకటే అయితే అనుమానించాల్సింది దీన్నే. స్ప్లిట్‌కి డీప్ కాపీ (విడి నకలు) అని చెప్పాలి. దాని కొత్త రూపం డాల్ఫిన్ఎక్స్‌లో అయితే సబ్ తీసుకున్నాక కొలాప్స్ చేయాలి. ఇంటిగ్రల్ రూపంలో ఎల్2 అడిగినప్పుడు ఈ ప్రమాదం లేదు, అక్కడ ఫంక్షన్‌నే చూస్తుంది.

ఇక వేరియబుల్ అనే మాటకి హద్దెక్కడ? వేగంలో అడ్డం అంశం, నిలువు అంశం రెంటినీ వేర్వేరు వేరియబుల్స్‌గా సాఫ్ట్‌వేర్ దాచుకోవచ్చు. భౌతికంగా మాత్రం రెండూ ఒకే రాశి, యూనిట్లూ ఒకటే. వాటిని కలిపి కొలవడమే మేలని మా అభిప్రాయం. తిన్నటి గొట్టంలో ప్రవాహానికి నిలువు వేగం సున్నా. దాని సవరణ 10⁻¹⁷, దాని నార్మ్ కూడా 10⁻¹⁷. భాగిస్తే 1 వస్తుంది, సాల్వర్ ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటుంది. అక్షాలని కాస్త తిప్పితే ఆ ఇబ్బంది మాయం. అక్షం తిప్పితే మారిపోయే కొలతని కన్వర్జెన్స్‌కి వాడకూడదు. పల్చటి పలకల కోసం వాడే షెల్ ఎలిమెంట్లలో స్థానభ్రంశం, భ్రమణం మాత్రం వేరే రాశులు. వాటిని విడిగానే చూడాలి.

లెక్క పలు ప్రాసెసర్ల మీద నడుస్తుంటే కొత్త తప్పులు మొదలవుతాయి. ఒక ప్రాసెసర్‌లో పీడనం నార్మ్ 3, ఇంకోదాంట్లో 4 వచ్చాయనుకోండి. మొత్తం 7 కాదు, 5. ఒక్కొక్కరూ వర్గాల మొత్తమే పంపాలి, 9కి 16 కలిపాకే వర్గమూలం. గరిష్ఠ నార్మ్‌కి (పరిమాణంలో అతి పెద్ద అంకెకి) కూడిక కాదు, ప్రాసెసర్ల మధ్య అంకెలు చేరవేసే ఎంపీఐలోని మాక్స్ వాడాలి. సరిహద్దు నోడ్లు పక్క ప్రాసెసర్‌లో ఘోస్ట్‌లుగా (నకళ్లుగా) కూడా ఉంటాయి. లోకల్ వెక్టర్‌లో కనిపించిందల్లా కూడితే అవి రెండేసి సార్లు లెక్కలోకొస్తాయి. తప్పు చిన్నదే, ప్రాసెసర్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది. అందుకే తమ సొంత డీఓఎఫ్‌లనే కూడాలి. దీనికి ఎదురు తప్పు ఇంటిగ్రల్ నార్మ్‌లో జరుగుతుంది. ఎలిమెంట్ లోపల విలువ కట్టడానికి ఘోస్ట్ విలువలు కావాలి. అవి తాజాగా తెచ్చుకోకపోతే సరిహద్దు ఎలిమెంట్లలో పాత ఇటరేషన్ అంకెలు దూరతాయి.

అన్నిటికన్నా చిరాకు పెట్టేది బిగుసుకుపోవడం. మెష్‌లో ఒక భాగంలోనే ఉండే వేరియబుల్ ఉంటుంది, ద్రవం ఉన్న చోటే పీడనం అన్నట్టు. కొన్ని ప్రాసెసర్ల వాటాలో ఆ భాగమే ఉండదు. నా దగ్గర ఈ వేరియబుల్ లేదు కాబట్టి నార్మ్ అక్కర్లేదని ఆ ప్రాసెసర్ ఆ వరస దాటేస్తే, మిగతావన్నీ అందరి అంకెలూ కలిపే ఆల్‌రెడ్యూస్ దగ్గర దానికోసం ఎదురుచూస్తూ నిలబడిపోతాయి. ఎర్రర్ రాదు, లాగ్ ముందుకి సాగదు. ఖాళీ చేతులైనా సరే, సున్నా పట్టుకుని ప్రతి ప్రాసెసరూ ఆ పిలుపులో పాల్గొనాలి.

అన్నీ సరిగ్గా చేసినా 4 ప్రాసెసర్లకీ 16కీ చివరి ఒకటి రెండు అంకెలు తేడా వస్తాయి. కూడే వరస మారింది, అంతే. అది తప్పు కాదు. పరీక్షల్లో సమానమేనా అని కాక, సాపేక్షంగా 10⁻¹⁰ లోపుందా అని అడగాలి.

డిస్క్రీట్‌కీ ఇంటిగ్రల్‌కీ తేడా చెబుతామన్నాం. యూనిట్ చదరం మీద ఫంక్షన్ ఎక్కడ చూసినా 1. ఇంటిగ్రల్ ఎల్2 నార్మ్ 1, మెష్ ఎంత ముతకగా ఉన్నా ఎంత సన్నగా ఉన్నా 1. డిస్క్రీట్ నార్మ్ మాత్రం నోడ్ల సంఖ్య వర్గమూలం. 10,201 నోడ్లకి 101, 40,401 నోడ్లకి 201. మెష్‌ని సగం చేస్తే 2డీలో సుమారు రెట్టింపు, 3డీలో సుమారు 2.83 రెట్లు. కాబట్టి రెండు మెష్‌ల ఫలితాలు పోల్చడానికి డిస్క్రీట్ నార్మ్ పనికిరాదు. ఒకే మెష్ మీద ఒకే వేరియబుల్ ఇటరేషన్‌కి ఇటరేషన్‌కి ఎంత దిగిందో చూడటానికి అది చాలు, చవక కూడా. మెష్ ఒకచోట సన్నగా ఇంకోచోట ముతకగా ఉంటే డిస్క్రీట్ నార్మ్ సన్నటి చోటికే మొగ్గుతుంది, ఎందుకంటే నోడ్లు అక్కడే ఉన్నాయి.

ఇంటిగ్రల్ నార్మ్‌కి క్వాడ్రేచర్ పాయింట్లు (ఇంటిగ్రల్ కోసం ఫంక్షన్ విలువ చూసే చోట్లు) ఎన్ని పెట్టాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. కాదు. మైనస్ 1 నుంచి 1 దాకా ఉన్న ఒక ఎలిమెంట్ తీసుకోండి. అందులో రెండో డిగ్రీ ఫంక్షన్, మధ్యలో మైనస్ 0.5, రెండు చివర్లా 1. దూరం వర్గాన్ని మూడుతో గుణించి, 1 తీసేసి, సగం చేస్తే వచ్చేది ఇదే. నార్మ్ వర్గం నిజానికి 2/5. రెండు పాయింట్ల గాస్ నియమం ఈ ఫంక్షన్‌ని మధ్య నుంచి అటూ ఇటూ 0.57735 దగ్గర చూస్తుంది. సరిగ్గా ఆ రెండు చోట్లా ఫంక్షన్ సున్నా! నార్మ్ సున్నా అని తేలుస్తుంది. రెండో డిగ్రీ వర్గం నాలుగో డిగ్రీ కాబట్టి దిక్కుకి కనీసం మూడు పాయింట్లు ఉండాలి. తెలిసిన కచ్చిత పరిష్కారంతో పోల్చి లోపం కొలిచేటప్పుడు ఇంకో రెండు ఎక్కువే పెట్టండి. గాస్ పాయింట్ల దగ్గర వాలు మామూలుకన్నా బాగా కుదిరే మెష్‌లున్నాయి. తక్కువ పాయింట్లతో కొలిస్తే లోపం అసలుకన్నా అందంగా కనిపిస్తుంది.

ఇంటిగ్రేషన్ ఖర్చు తగ్గించుకోవడానికి మాస్ మ్యాట్రిక్స్‌ని (ఒక్కో జత నోడ్ల ఆకార ఫంక్షన్ల లబ్ధానికి ఇంటిగ్రల్ ఉండే పట్టికని) అడ్డువరసల మొత్తాలుగా కుదించి, వాటిని బరువులుగా వాడే అలవాటుంది. మొదటి డిగ్రీ ఎలిమెంట్లకి చక్కగా పనిచేస్తుంది. రెండో డిగ్రీ త్రిభుజానికి మాత్రం శీర్షాల బరువు సున్నా అవుతుంది, వైశాల్యమంతా మూడు అంచుల మధ్య నోడ్లు పంచుకుంటాయి. శీర్షాల్లో ఎంత తప్పున్నా నార్మ్‌కి తెలీదు. రెండో డిగ్రీ టెట్రాహెడ్రాన్‌లో ఇంకా అన్యాయం. ఒక్కో శీర్షం బరువు ఘనపరిమాణంలో ఇరవయ్యో వంతు, అదీ మైనస్. వర్గమూలం కింద రుణ సంఖ్య పడి నాన్ (సంఖ్య కాదు) అని వస్తే సాల్వర్ చెడిపోయిందని వెతుకుతూ కూర్చోకండి, బరువులు చూడండి.

గరిష్ఠ నార్మ్‌కీ ఇలాంటి మెలికే ఉంది. వరుసగా మూడు నోడ్లలో 0, 1, 1 ఉన్న రెండో డిగ్రీ ఎలిమెంట్‌లో గరిష్ఠం 1 కాదు. చివరి రెండు నోడ్ల మధ్యలో అది 1.125 దాకా లేస్తుంది. నోడ్ల మీద చూస్తే తొమ్మిదో వంతు ఎగిరిపోయినట్టే. హెర్మిట్ ఎలిమెంట్లలో కొన్ని డీఓఎఫ్‌లు విలువలు, కొన్ని వాలులు. విద్యుదయస్కాంత లెక్కల్లో వాడే నెడెలెక్ ఎలిమెంట్లలో డీఓఎఫ్ అంటే అంచు వెంబడి ఇంటిగ్రల్, అందులో అంచు పొడవు కూడా కలిసి ఉంటుంది. వీటికి డిస్క్రీట్ నార్మ్ ముద్రించుకోవచ్చు గానీ దానికి అర్థం చెప్పడం కష్టం.

రెసిడ్యువల్ వెక్టర్ సంగతి వేరు. దాని అంకెలు నోడ్ దగ్గరి విలువలు కావు, నోడ్ చుట్టూ ఉన్న కాస్త వైశాల్యం మీద ఇంటిగ్రల్స్. 2డీలో మెష్ సగం చేస్తే ఒక్కో అంకె నాలుగో వంతవుతుంది, అంకెల సంఖ్య నాలుగు రెట్లవుతుంది, డిస్క్రీట్ నార్మ్ సగానికి పడిపోతుంది. కాబట్టి అబ్సొల్యూట్ టాలరెన్స్ మార్చకుండా మెష్ సన్నం చేస్తూ పోతే సాల్వర్ అంతకంతకీ ముందే ఆగిపోతుంది. సన్నటి మెష్ మీద తక్కువ ఇటరేషన్లు పట్టాయని సంతోషించేముందు ఇది గుర్తు తెచ్చుకోవాలి. మొదటి డిగ్రీ ఎలిమెంట్లయితే ప్రతి రెసిడ్యువల్ వర్గాన్నీ కుదించిన మాస్ బరువుతో భాగించి కూడితే ఈ మెష్ ప్రభావం పోతుంది.

విలువ ముందే ఇచ్చిన సరిహద్దు నోడ్ల వరసలు రెసిడ్యువల్‌లో చొరబడతాయి. అక్కడి అంకె బలమో వాట్లో కాదు, ఉండాల్సిన విలువకీ ఉన్నదానికీ తేడా. పెనాల్టీ పద్ధతిలో దాన్ని 10⁸ లాంటి పెద్ద సంఖ్యతో గుణిస్తారు. ఇక ఆ వేరియబుల్ నార్మ్ అంతా సరిహద్దుదే, లోపలేం జరుగుతోందో వినపడదు. కాబట్టి ఆ స్థానాలని జాబితా నుంచి తీసేయాలి. అక్కడక్కడే సన్నం చేసిన మెష్‌లో వేలాడే నోడ్లకీ ఇదే పద్ధతి. వాటి విలువ పక్క నోడ్ల నుంచి వస్తుంది కాబట్టి సాల్వ్ చేసిన వెంటనే వాటిలో చెత్త ఉండొచ్చు. కన్‌స్ట్రెయింట్స్ డిస్ట్రిబ్యూట్ చేశాకే, అంటే ఆ విలువల్ని పక్క నోడ్ల నుంచి నింపాకే, నార్మ్ అడగాలి.

పీడనానికి ఇంకో ప్రత్యేకత. చుట్టూ వేగమే ఇచ్చిన మూసిన పాత్రలో పీడనం ఎంత స్థిరాంకం కలిపినా సమీకరణం ఒప్పుకుంటుంది. ఒక సాల్వర్ సగటు 0 ఉన్న పీడనం ఇస్తే, ఇంకోటి సగటు 5 ఉన్నది ఇవ్వొచ్చు. రెండూ సరైనవే. సగటు తీసేయకుండా నార్మ్ కడితే ఆ 5నే కొలుస్తాం. సగటు అంటే నోడ్ల సగటు కాదు, ఇంటిగ్రల్‌ని వైశాల్యంతో భాగించింది. మెష్ అంతటా ఒకే సైజు లేకపోతే రెండూ ఒకటి కావు.

విడిగా కొలిచాక దేనితో పోల్చాలి? పేరున్న సాఫ్ట్‌వేర్లు ఈ సంగతి ఎప్పుడో పట్టించుకున్నాయి. అబాకస్ ఒక్కో ఫీల్డ్‌కి విడివిడిగా, అతి పెద్ద రెసిడ్యువల్‌ని ఆ ఫీల్డ్ సగటు ఫ్లక్స్‌లో (బలం, ఉష్ణ ప్రవాహం లాంటిదానిలో) 0.5 శాతంతో పోలుస్తుంది, సవరణని ఆ ఇంక్రిమెంట్‌లో (లెక్క అడుగులో) వచ్చిన మార్పులో 1 శాతంతో పోలుస్తుంది. ఇవి డిఫాల్ట్‌లు. యాన్సిస్‌లో సీఎన్‌వీటాల్ కమాండ్‌కి బలం, మొమెంట్, స్థానభ్రంశం, ఉష్ణం అని విడివిడి లేబుళ్లున్నాయి. నార్మ్ స్థానంలో 2 అంటే ఎల్2, 1 అంటే ఎల్1 (పరిమాణాల మొత్తం), 0 అంటే గరిష్ఠం. అదే కమాండ్‌లో మిన్‌రెఫ్ అని ఒకటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. పోల్చే విలువే సున్నాకి దగ్గరైనప్పుడు, అంటే లోడ్ లేని భాగంలోనో మొదటి అడుగులోనో, సున్నాతో భాగించకుండా కాపాడే నేల అది. సొంతంగా కోడ్ రాసుకునేవాళ్లు ప్రతి వేరియబుల్‌కీ అలాంటి కనీస విలువ ఒకటి పెట్టుకోవాలి. ఆ అంకెని కంప్యూటర్ చెప్పలేదు. ఈ లెక్కలో ఎన్ని మైక్రాన్ల కన్నా తక్కువైతే మనకి పట్టింపు లేదో తెలిసినవాళ్లే చెప్పాలి.

రాసుకున్న నార్మ్ సరైందో కాదో తేల్చుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. యూనిట్ చదరం మీద ఒక వేరియబుల్‌లో అంతటా 1, మిగతావాటిలో 0 నింపండి. మొదటిదాని ఎల్2 నార్మ్ 1 రావాలి, మిగతావి కచ్చితంగా 0 రావాలి, 10⁻¹⁵ కూడా ఒప్పుకోకూడదు. వచ్చిందంటే స్థానాల జాబితా కలుషితమైనట్టే. తర్వాత అడ్డం దూరాన్నే విలువగా నింపండి. ఎల్2 నార్మ్ 0.57735, వాలు నార్మ్ 1. ఆ పైన ప్రతి వేరియబుల్‌లోనూ ఏవో అంకెలు నింపి, విడివిడి డిస్క్రీట్ నార్మ్‌ల వర్గాలు కూడి, మొత్తం వెక్టర్ నార్మ్ వర్గంతో సరిచూడండి. ఏ స్థానమైనా జారిపోయినా, రెండుసార్లు పడినా ఇక్కడే బయటపడుతుంది. ఈ మూడూ ఒక ప్రాసెసర్ మీద, మూడు ప్రాసెసర్ల మీద, ఏడింటి మీద నడపండి. రెండు, నాలుగు, ఎనిమిది అయితే చతురస్రపు మెష్ సమంగా తెగి కొన్ని తప్పులు దాక్కుంటాయి.

టేలర్–హుడ్‌తో తెలిసిన పరిష్కారం మీద మెష్‌ని సగం చేస్తూ పోతే వేగం ఎల్2 లోపం ఎనిమిదో వంతుకి, పీడనం లోపం నాలుగో వంతుకి పడాలి. పీడనం లక్ష పాస్కల్స్‌లో, వేగం సెకనుకి సెంటీమీటర్లలో ఉన్న లెక్కలో రెండు లోపాలూ కలిపి ఒకే అంకెగా ముద్రిస్తే కనిపించేది పీడనం నాలుగో వంతే. వేగం ఎనిమిదో వంతుకి పడాల్సింది నాలుగో వంతుకే పడుతున్నా, అసలు కదలకుండా ఉన్నా ఆ అంకె మారదు. మీ వ్యాసంతో పాటు వేసిన కన్వర్జెన్స్ గ్రాఫ్‌లో ఒకే గీత ఉంది. అది ఏ వేరియబుల్‌దో, డిస్క్రీట్ నార్మో ఇంటిగ్రల్ నార్మో బొమ్మ కింద రాయలేదు. ఆ ఒక్క వరస వచ్చే సంచికలో సవరణగా వేయగలరని మనవి.

ఇట్లు
ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలతో పనిచేసే కొందరు పాఠకులు